పిల్లల శిరోగ్రీవ లోపములు

అరుదైన వ్యాధుల విషయమున కేంద్రప్రభుత్వమువారు 2021 మార్చి నెలలో ఒక జాతీయ విధానమును ప్రకటించిరి. మరుసటి సంవత్సరము దానిని సవరించి, నిర్ణీత వైద్యకేంద్రములందు చికిత్స పొందు రోగి యొక్కనికి 50 లక్షల రూపాయల వరకు సాయము చేయుదుమని తెలిపిరి. ఆ కేంద్రములలో హైదరాబాదునందలి నిజాము వైద్యవిజ్ఞాన సంస్థయు నొకటి. ఇది సంతోషింపదగిన విషయమే. అయినను ఆ విధానమును శ్రద్ధగా చదివినవారికి ఒక సంగతి తోపకమానదు. చికిత్స యొకసారితో తీరునదా, జీవితాంతము సాగవలసినదా, దాని వెల యెంత యను లెక్కనుబట్టి వ్యాధులు మూడు తరగతులుగా విభజింపబడినవి. వెల ముఖ్యమే, కాదనము. కాని కొన్ని వ్యాధులలో రోగికి మొదట లోపించునది ధనము కాదు, కాలము. వ్యాధి ఫలానాయని గుర్తింపగల కన్ను సకాలమున దొరకకపోవుటచేత, ధనము చేతికందునాటికి చేయదగినది స్వల్పమై పోవును. పిల్లలలో పుర్రె యడుగుభాగమునందును, మెడ పైభాగమునందును ఎముకలు సరిగా నేర్పడకపోవుటచే కలుగు లోపములు ఇట్టివి. పత్రికలలో వీనినిగూర్చి వ్రాయువారు తక్కువ. నేడు వీనినే ముచ్చటింప దలచితిమి.

మెడలో ఏడు పూసలు కలవని బడిపిల్లలును చెప్పుదురు. అందు మొదటి రెండును తక్కిన యైదింటివంటివి కావు. మొదటిదానికి పాశ్చాత్యులు, ఆకాశమును భుజములపై మోయు తమ పురాణపురుషుని పేరున అట్లాసని పేరిడిరి. ఇది తలను మోయు నొక వలయము. దీనికి నడుమ దిమ్మ యుండదు. ఆ దిమ్మ కావలసిన భాగము గర్భమునందే దీనినుండి విడివడి, క్రిందనున్న రెండవ పూసతో కలిసి, పంటివలె నిటారుగా లేచియుండును. ఆ పంటియెముక ఇరుసుగా పై వలయము తిరుగును. మనము తలను కుడియెడమలకు త్రిప్పునపుడు ఆ త్రిప్పుటలో దాదాపు సగము ఈ యొక్క కీలునందే జరుగుచున్నది. తిరుగలి నడుమనుండు గూటము వంటిదని చెప్పిన మన పల్లెలవారికి సులభముగా బోధపడును. గూటము వదులైనను, విరిగినను, పొట్టిదైనను పైరాయి ప్రక్కకు జరుగును. తిరుగలిలో జరిగినచో పిండి చెడును, అంతియే. ఇచ్చట ఆ గూటమునకు వెనుక, వ్రేలెడు దూరమైన లేనిచోట, వెన్నుపాము మెదడునుండి దిగుచున్నది. ఊపిరిని నడపు కేంద్రములు దానికి పైనను, కాలుసేతులను కదల్చు నాడులన్నియు దానిలోనను ఉన్నవి. పంటియెముకను వలయముతో బిగించి యుంచునది అడ్డముగా నున్న యొక స్నాయువు మాత్రమే.

ఇట్టి చోట లోపమెట్లు కలుగును? గర్భస్థశిశువు వెన్నెముక ఖండఖండములుగా విడిపోవు పని మూడవ వారము మొదలుకొని యెనిమిదవ వారములోపల జరుగును. ఆ విడిపోవుటలో పొరపాటు జరిగినచో రెండు పూసలు ఒకటిగా అతుకుకొని యుండవచ్చును. అట్లాసు పుర్రెకే యంటుకొని పోవచ్చును. పంటియెముక క్రిందిపూసతో కలియక విడిగా నిలిచిపోవచ్చును. పుర్రె యడుగుభాగము మెత్తబడినట్లు లోనికి క్రుంగి, పంటియెముక వెన్నుపాము దిగు రంధ్రములోనికి చొచ్చుకొని పోవచ్చును. చాలమంది తల్లులకు తాము గర్భవతులమని తెలియు నప్పటికే ఈ పని సగము జరిగియుండును. కావున గ్రహణమునాడు బయటికి వచ్చినదనియు, కత్తిపీట ముట్టినదనియు తల్లిని నిందించు నాచారము ఎంత యన్యాయమో వేరుగ చెప్పనక్కరలేదు. బిడ్డ దుఃఖముతో కుమిలిపోవుచున్న యాడుదానిపై ఇంటిల్లిపాదియు మోపు ఈ రెండవ భారమును పెద్దలు మాన్పవలెను.

1912లో పారిసునందు క్లిప్పెల్, ఫీల్ అను వైద్యులు మెడ లేనట్లు కనబడు నొక దర్జీవాని దేహమును పరిశీలించి, మెడపూసలు అతుకుకొనిన స్థితిని వర్ణించిరి. పొట్టిమెడ, క్రిందికి దిగియున్న వెనుకజుట్టు, తల త్రిప్పలేకపోవుట యను మూడును దాని లక్షణములని గ్రంథములందు వ్రాయుదురు. కాని ఈ మూడును ఒక్కచోట కనబడువారు సగముమందియైన నుండరు. అట్టి పిల్లలలో కొందరికి మూత్రపిండములందును, వినికిడియందును లోపము లుండును గనుక మెడతోనే పరీక్ష ముగింపరాదు. ఇతర వ్యాధులను వెంటబెట్టుకొని వచ్చు మెడలోపములును కలవు. డౌన్ లక్షణముగల పిల్లలలో స్నాయువులు వదులుగా నుండును. 1929లో మాంటెవిడియోలో మోర్కియో యను వైద్యుడు వర్ణించిన వ్యాధియందు పంటియెముక సరిగా పెరుగదు. పొట్టిదేహము గలిగించు ఎకాండ్రోప్లేసియాలో పుర్రె యడుగునందలి రంధ్రమే ఇరుకుగా నుండి, శిశువు నిదురలో ఊపిరికి చిక్కు తెచ్చును. ఎముకలు పెళుసై మాటిమాటికి విరుగు వ్యాధిలో పుర్రె యడుగు క్రమముగా క్రుంగును.

ఈ లోపము లన్నియు పుట్టుకతోనే కనబడునవి కావు. పెక్కుమంది పిల్లలు అయిదారేండ్లవరకు తోడిపిల్లలవలెనే యాడుకొందురు. పిమ్మట ఒకడు మెడ ప్రక్కకు వాల్చి నడచును. ఒకతెకు తల వెనుకభాగమున నొప్పి. తుమ్మినను దగ్గినను అది హెచ్చును. ఒకడు పరుగులో మాటిమాటికి పడును, కాళ్లు బిగిసినట్లుండును, చొక్కాగుండీలు పెట్టుకొన లేడు, పలకపై అక్షరములు వంకరపోవును. బడిపంతులు సోమరియనును, తల్లి దిష్టి యనును. కొందరు త్రాగిన నీరు ముక్కునుండి తిరిగివచ్చును. ఇంతవరకు మెల్లమెల్లగా వచ్చిన వ్యాధి ఒకనాడు చెట్టుపైనుండి పడుటచేతనో, బస్సు కుదుపుచేతనో, కొంతసేపు కాలుసేతులు చచ్చుపడి, మరల కోలుకొనుటచేత బయటపడుటయు కలదు. కోలుకొన్నాడు గదాయని ఇంటివారు సంతసింతురు. అది సంతసింపదగినది కాదు. అదియే కడపటి హెచ్చరిక కావచ్చును.

ఇచ్చటనే మన దేశాచారమొకటి ప్రమాదమును హెచ్చించుచున్నది. మెడ పట్టినదన్న మాట వినబడినంతనే నూనె రాచి మెడ విరుచువారు ప్రతి యూరను నుందురు. క్షౌరశాలలో పని ముగియగానే తలను పట్టి టక్కుమని త్రిప్పుట మర్యాదగా చెల్లుచున్నది. పెద్దవారి సంగతి యెట్లున్నను, మెడ వాల్చి నడచు బిడ్డకు ఈ విద్య నెన్నడును ప్రయోగింపరాదు. స్నాయువు వదులైన కీలును బలముగా త్రిప్పుట యనగా వెన్నుపామును ఎముకల నడుమ బెట్టి నొక్కుటయే.

మెడ వంకరపోయిన ప్రతిబిడ్డకును పుట్టుకలోపమే యుండునని మా యభిప్రాయము కాదు. గొంతునొప్పి, గవదలు, చెవిచీము మొదలగువాని వెంబడి ఈ కీలు వాచి, స్నాయువు సడలి, తల యొకప్రక్కకు తిరిగి బిగిసిపోవుట కలదు. దీనిని 1930లో గ్రిసెల్ అను ఫ్రెంచివైద్యుడు వర్ణించెను. ఈ స్థితిలో కాలము విలువ యెంతటిదో చూడుడు. కొలదిదినములలో వచ్చిన బిడ్డకు విశ్రాంతియు, మెడపట్టీయు, వాపు తగ్గించు మందులును, గొంతునందలి రోగమునకు తగిన చికిత్సయు చాలును. వారములు గడచిన పిమ్మట వచ్చిన బిడ్డను మంచముపై బరువులు కట్టి లాగవలసి యుండును. నెలలు గడచినచో కీలు వంకరగానే నిలిచిపోయి శస్త్రచికిత్స తప్ప మార్గముండదు. రోగ మొక్కటియే, బిడ్డ యొక్కడే. తేడా యంతయు వచ్చిన దినమునందున్నది. మొదటి దినములలో నయమగుటకు పట్టు వ్యయము స్వల్పము. నెలల పిమ్మట నగు వ్యయమును పేదరైతు మోయలేడు.

సరే, బిడ్డను పట్టణమునకు దెచ్చి ఎక్స్-రే తీయించిరనుకొందము. అంతటితో చిక్కు తీరదు. పిల్లల మెడ పెద్దల మెడకు చిన్నప్రతి కాదు. పుట్టినపుడు అట్లాసు ముందుభాగము పెక్కుమందిలో ఇంకను ఎముకగానే మారియుండదు. పంటియెముకకును దాని క్రింది పూసకును నడుమ మెత్తనియెముక పొర మూడేండ్లు మొదలుకొని ఆరేండ్లవరకు ఉండును. పటములో అది విరుగుడువలె కనబడును. పంటికొనయందలి చిన్నముక్క పండ్రెండేండ్ల ప్రాయమున గాని కలియదు. వలయమునకును పంటికిని నడుమ నుండదగిన యెడము పెద్దలలో 3 మిల్లీమీటర్లు. పిల్లలలో 5 వరకును దోషము లేదు. ఈ సంగతు లెరుగని వారు లేని విరుగుడును చూచి భయపెట్టుదురు, ఉన్న లోపమును చూడక పంపివేయుదురు. పిల్లలలో తల దేహమునకు మించిన బరువు గలది, స్నాయువులు వదులు. కావుననే ఎనిమిదేండ్లలోపు పిల్లలకు మెడగాయములు పెద్దలకువలె క్రింది పూసలలో గాక పైపూసలలోనే యెక్కువగా కలుగును. ఎముక స్వరూపమును సి.టి. పరీక్షయు, వెన్నుపాముపై ఒత్తిడిని ఎం.ఆర్.ఐ. పరీక్షయు స్పష్టముగ చూపును. నేడు ఈ యంత్రములు మన పట్టణములందు తక్కువ లేవు. వానిని చూచి చెప్పగల పిల్లల రేడియాలజిస్టులు మాత్రము రాజధానీనగరములను వదలి రారు.

ఈ విద్యలో భారతీయు లెవ్వరికిని వెనుకబడినవారు కారని చెప్పుట కవకాశము కలిగినందులకు మాకు సంతోషముగ నున్నది. మొదటి రెండు పూసల నడుమ పుట్టుకతో వచ్చు సడలింపువలన వెన్నుపాము చెడుటను గూర్చి బొంబాయి నగరపు నరములవైద్యుడు నోషిర్ వాడియా 1967లో ఇరువదియెనిమిదిమంది రోగుల చరిత్రలతో వ్రాసిన వ్యాసము ప్రపంచమంతట చదువబడినది. ఇట్టి లోపములు పాశ్చాత్యదేశములలోకంటె మన దేశమున, అందును ఉత్తరప్రదేశము, బీహారు మొదలగు రాష్ట్రములందు, హెచ్చుగా కనబడుచున్నవని శస్త్రవైద్యులు చిరకాలముగా చెప్పుచున్నారు. పూర్వము సడలిన పూసలను తీగెలతో కట్టి, ఎముకముక్కను పొదిగి, బిడ్డను నెలలకొలది పట్టీలలో బంధించెడివారు. తీగె తెగినను, ఎముక అతుకుకొనకున్నను మరల మొదటికి వచ్చెడిది. 1994లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రియందలి అతుల్ గోయల్, లాహేరి యనువారు అట్లాసు ప్రక్కదిమ్మలలోనికిని, రెండవ పూసలోనికిని మరలు బిగించి, రేకుతో కలుపు పద్ధతిని ప్రకటించిరి. 2001లో జర్మనీదేశపు హార్మ్స్ దానినే కడ్డీలతో మార్చి వాడెను. నేడు ప్రపంచమున శస్త్రవైద్యులు ఈ రెండు పేర్లనుగలిపి ఆ పద్ధతిని వ్యవహరింతురు. పుర్రెలోనికి చొచ్చుకొనిన పంటియెముకను నోటిమార్గమున తొలచి తీయవలసిన యనేక సందర్భములందు, కీళ్లను విడదీసి యెడముచేసి బిగించుటచేతనే దానిని క్రిందికి దింపవచ్చునని 2004లో గోయల్ చూపెను. కె.ఇ.ఎం. ధనికుల యాసుపత్రి కాదు. బొంబాయి నగరపాలక సంఘమువారిది. దానితో జతగానున్న వైద్యకళాశాల 1926లో నెలకొల్పబడినపుడు, అందలి ఆచార్యులందరును భారతీయులే కావలెనని దాతలు షరతు పెట్టిరి. ఆ షరతు ఫలించిన విధములలో ఇది యొకటి.

అయినను శస్త్రచికిత్స యన్నది ఆటలాడుకొను పని కాదు. మెదడునకు రక్తము దెచ్చు ధమనులు ఈ పూసల గుండనే పోవుచున్నవి. లోపముగల బిడ్డలో ఆ ధమని దారి తప్పియుండుట సామాన్యము. నాలుగేండ్ల బిడ్డ పూసలో మర పట్టుటకు చోటు మిల్లీమీటర్లలో కొలువవలెను. చికిత్స ఫలించినను తల త్రిప్పుటలో సగము పోవును. ఆ బిడ్డ ప్రక్కకు చూడవలెనన్న దేహమంతయు త్రిప్పవలెను. చచ్చుపడిన కాళ్లకు బలము వచ్చుట కూడ ఒత్తిడి యెంతకాల మున్నదను దానిపై నాధారపడి యుండును. మరల కాలము మాటయే వచ్చుచున్నది.

అట్లయినచో బడిపిల్లల కందరికిని మెడ ఎక్స్-రేలు తీయించిన బాగుగానుండునని కొందరు సూచింపవచ్చును. ఈ యాలోచన కొత్తది కాదు. డౌన్ లక్షణముగల పిల్లల విషయమున అమెరికాలో ఇది జరిగి చూడబడినది. అట్టి పిల్లలలో నూటికి పదిమందినుండి ఇరువదిమంది వరకు ఎక్స్-రేలో ఈ కీలు సడలినట్లు కనబడును; కాని వెన్నుపాము బాధ కలుగువారు నూటి కొకరిద్దరు మాత్రమే. 1983లో ప్రత్యేక ఒలింపిక్ క్రీడలవారు పోటీలలో పాల్గొను డౌన్ పిల్లలకు మెడ ఎక్స్-రే తప్పనిసరి చేసిరి. మరుసటియేట అమెరికా శిశువైద్యుల సంఘము దానిని బలపరచెను. పదియేండ్ల యనుభవము పిమ్మట 1995లో ఆ సంఘమే, ఎక్స్-రేవలన బాధపడబోవువా రెవ్వరో ముందుగా తెలియుటలేదని తన మాటను ఉపసంహరించుకొనెను. ఒకనాడు సడలి కనబడిన కీలు మరియొకనాడు సరిగా కనబడుటయు, సరిగా కనబడినది సడలుటయు గలవు. 2011లో వారు చెప్పినది, మా యభిప్రాయమున, వివేకవంతమైనది. లక్షణములు లేని బిడ్డకు ఎక్స్-రే వలదు. కాని ప్రతి దర్శనమునందును తలిదండ్రులకు లక్షణములను బోధింపవలెను. నడక మారినను, మలమూత్రముల యదుపు తప్పినను, మెడనొప్పి వచ్చినను ఆలస్యము చేయక పరీక్షింపవలెను. ఆ పరీక్షలోను మొదట మెడను వంపక నిలువుగానే పటము తీయవలెను. దోషము కనబడినచో ముందుకు వెనుకకు వంచి చూడక వెంటనే శస్త్రవైద్యునికి పంపవలెను. యంత్రముకంటె తల్లికన్ను ముందుగా చూడగలదని ఇందలి సారము.

మన దేశమున ఈ బోధకు తగిన సాధనము లేకపోలేదు. 2013లో కేంద్రప్రభుత్వమువారు ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పుట్టినది మొదలు 18 ఏండ్లవరకు గల పిల్లలను ముప్పది విధములైన లోపములకై పరీక్షించు నుద్దేశముతో నేర్పడినది. సంచారబృందములు అంగన్‌వాడీలకు ఏట రెండుసార్లును, ప్రభుత్వపు బడులకు ఒకసారియు పోవలెనని నియమము. మొఱ్ఱి, వంకరపాదము, పుట్టుచెవుడు, గుండెలోపము, డౌన్ లక్షణము ఆ పట్టికలో నున్నవి. శిరోగ్రీవ లోపములకు వేరుగ స్థానము లేదు. వేరుగ నొక గడిని చేర్చవలెనని మేము పట్టుపట్టము. గడులు నింపుటలోనే దినము గడచిపోవు ఉద్యోగుల కింకొక గడి యెందులకు? మెడ పొట్టిగానున్నదా, తల రెండుప్రక్కలకు సమానముగా తిరుగుచున్నదా, నడక యీ సంవత్సరము మారినదా, చేతిలోని వస్తువు జారిపోవుచున్నదా యని నాలుగు ప్రశ్నలడుగుటకు నిమిషమైన పట్టదు. బిడ్డచేతనే తల త్రిప్పించి చూడవలెను గాని తమ చేతులతో త్రిప్పి చూడరాదని ఆ బృందములకు గట్టిగా నేర్పవలెను.

తెలుగునాట ఎముకరోగమొకటి లోకమున కెట్లు తెలిసెనో జ్ఞప్తికి దెచ్చుకొనుట ఇచ్చట ప్రయోజనకరము. 1937లో షార్టు మొదలగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లా గ్రామములందు వెన్ను బిగిసి, మెడ కదలక, నడుము వంగిపోయిన జనులను పరిశీలించి, బావులనీటియందలి ఫ్లోరైడు దానికి కారణమని ప్రకటించిరి. పిమ్మట నల్లగొండజిల్లా దుఃఖమును దేశమంతయు నెరిగినది. ఊరికి ఊరే వంగిపోయినందున ఆ రోగము కంటబడినది. ఆందోళన చేయుటకు జనముండిరి. శాసనసభలలో మాటాడుటకు ప్రతినిధులుండిరి. మేము చెప్పుచున్న పిల్లలు ఊరి కొకడైన లేక, తాలూకా కొకడుగా, చెదరియున్నారు. వారికి సభ లేదు, ఊరేగింపు లేదు, వోటు లేదు. కావున వారిని లెక్కించు పుస్తకమైన ఒకటి ఉండుట యావశ్యకము. అరుదైన వ్యాధియన నేమియో జనసంఖ్యనుబట్టి నిర్ణయించుటకు తగిన లెక్కలు మన దేశమున లేవని 2021 నాటి విధానపత్రమే యంగీకరించినది. లెక్కలు లేవని చెప్పుకొని విధానములు వ్రాయుటకంటె, మన రెండు రాష్ట్రముల బోధనాసుపత్రులలో శిరోగ్రీవ శస్త్రచికిత్స పొందిన పిల్లల వయస్సు, జిల్లా, మొదటి లక్షణము కనబడిన నెల, శస్త్రవైద్యుని చేరిన నెల యను నాలుగు విషయములను వ్రాసి యుంచిన, ఆలస్యమెచ్చట జరుగుచున్నదో అయిదేండ్లలో తేటపడును.

చికిత్సావ్యయముమాట. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పద్ధతి 2014 విభజన పిమ్మటను రెండు రాష్ట్రములందు సాగుచునే యున్నది. పేర్లు మారుట రాజకీయము, ఉపకారము మారలేదు. ఆసుపత్రిలో నుండు దినముల వ్యయమును ప్రభుత్వము వహించుట గొప్పసంగతియే. కాని ఈ వ్యాధిలో బిడ్డ శస్త్రచికిత్సానంతరము ఏండ్లకొలది చూపబడవలెను. ఎదుగుచున్న వెన్నెముకకు బిగించిన కడ్డీ ఎట్లున్నదో చూడవలెను. బలహీనమైన చేతులకు వ్యాయామము నేర్పవలెను. శ్రీకాకుళమునుండి గాని ఆదిలాబాదునుండి గాని కూలివాడొకడు బిడ్డను భుజముపై వేసికొని ఆరుమాసముల కొకసారి నగరమునకు రావలెనన్న, రైలుటిక్కెట్టుతో పాటు నాలుగుదినముల కూలియు పోవును. అందుచే రెండవసారి రారు. మూడవసారి వచ్చునప్పటికి మర సడలియుండును. జిల్లా ఆసుపత్రిలో ఎక్స్-రే తీసి, ఆ పటమును తంతిమార్గమున నగరపు శస్త్రవైద్యునికి చూపి, అక్కరయైనవారినే పిలిపించు నేర్పాటు నేడు కష్టసాధ్యము కాదు. ప్రయాణవ్యయమును ఆరోగ్యశ్రీలోనే చేర్చవలెనని రెండు ప్రభుత్వములను కోరుచున్నాము.

ఇంకొక సంగతి. లోపము బయటపడి, ఇంకను శస్త్రచికిత్స కాని పిల్లలకును, చికిత్స యవసరము లేదని చెప్పి పంపబడిన పిల్లలకును ప్రమాదము వేరొక ద్వారమునుండి రావచ్చును. పండ్లకో, టాన్సిల్సుకో, విరిగిన చేతికో మరియొక ఆసుపత్రిలో మత్తు ఇచ్చునపుడు ఊపిరిగొట్టము వేయుటకై తలను వెనుకకు వంచుట వాడుక. మెడసంగతి యెరుగని మత్తువైద్యుడు ఆ పని చేసినచో నష్టము తిరిగి పూరింపరానిది. డౌన్ పిల్లలు గుండెకును, చెవులకును శస్త్రచికిత్సలు పొందుట సామాన్యము గనుక వారి విషయమున ఈ భయము మరింత హెచ్చు. ఆసుపత్రినుండి పంపునపుడు ఇచ్చు కాగితముపై ఎఱ్ఱసిరాతో, తెలుగున, ‘ఈ బిడ్డ మెడ వంపరాదు, మత్తుకు ముందు మెడపటము చూడవలెను’ అని వ్రాసి యిచ్చిన ఖర్చేమియు లేదు. తండ్రి ఆ కాగితమును రేషనుకార్డుతో పాటు సంచిలో భద్రపరచుకొనును.